విజయపురి ఐదో రాజు

3106. దుమ్ము మామూలు. కరెంటు పూర్తిగా వెళ్ళింది.

పొద్దున్నే ఉత్తరం వైపు వరుసలు తుడిపించాను. రెండో తుడుపుబండి చక్రం మళ్ళీ కిర్రుమంది. ఇరుసులో కాస్త ఆముదం పోస్తే ఊరుకుంది. ఈ సోలార్ పొలానికి కాపరిగా వచ్చిన కొత్తలో ఆ చప్పుడు వింటే చిరాకేసేది. ఇప్పుడు అది ఆగిపోతే తోచదు. కనుచూపు మేర పలకలే. వాటి మధ్య నేనొక్కదాన్నే.

కాపరి రోజూ ఈ దినచర్య రాయాలి, పనిలో చేరిన రోజు నుంచి లెక్కేసి రోజు అంకె వేసి. పైవాళ్ళకి కావలసింది మొదటి వరుస మాత్రమే, పలకల మీద దుమ్మెంత, పైకి పంపిన కరెంటెంత అని. ఆ కింద ఏం రాసినా చదివే నాథుడు లేడు. అందుకే రాస్తున్నాను.

ఎండ ముదిరాక పలకల మధ్య నిలబడలేం. బండ్లు కూడా వాటంతటవే ఆగిపోతాయి. అప్పుడు గదిలోకి వచ్చి, తలకి తడిగుడ్డ చుట్టుకుని, తగువుల చావిడి తెరుస్తాను. చావిడి అంటే గోడలూ కప్పూ లేవు, తెర మీద అక్షరాలే. చరిత్ర మీద, దేవుడి మీద, ఆత్మ ఉందా లేదా అన్నదాని మీద ఊరికే వాదించుకునేవాళ్ళం అక్కడ చేరతాం. ఒకప్పుడు వందల మంది ఉండేవారట. ఇప్పుడు రోజూ వచ్చేది నలుగురం. గుండ్రాయి, నిప్పుకోడి, పొద్దుతిరుగుడు, నేను. అక్కడ నా పేరు పల్లేరు.

ఇవాళ్టి తగువు ఇక్ష్వాకుల మీద. విజయపురి నుంచి ఏలిన ఆ రాజులు యజ్ఞాలు చేశారు. వాళ్ళింటి ఆడవాళ్ళేమో బౌద్ధ భిక్షువులకి విహారాలు కట్టించారు. ఆ ఇంట్లో రోజూ గొడవే జరిగి ఉంటుందని నేనన్నాను.

“గొడవ జరిగిందనడానికి శాసనం ఉందా?” అని గుండ్రాయి అడిగింది.

“లేదు.”

“శాసనం లేనిది చరిత్ర కాదు.”

“మొగుడూ పెళ్ళాల గొడవని రాతి మీద ఎవరు చెక్కిస్తారండీ?”

“చెక్కించలేదు కనుక మనకు తెలియదు. తెలియనిదాన్ని తెలియదనడమే మర్యాద.”

పొద్దుతిరుగుడు ఎప్పటిలాగే ఇద్దరిదీ నిజమే అంది. నిప్పుకోడి మా ఇద్దరినీ ఆధారాలు చూపమంది.

నేను మా అమ్మమ్మ సంగతి రాయబోయాను. ఆమె దీపం పెడుతుంటే పక్కనే కూర్చుని మా మామ దేవుడు లేడని వాదించేవాడు. ఇద్దరూ అరిచి అరిచి అలిసిపోయేవాళ్ళు. అదంతా రాసి పంపితే, నాలుగు వరుసల చోట ఒక బూడిదరంగు చార మాత్రం మిగిలింది. జల్లెడ పట్టేసింది.

జల్లెడకి కోపమూ లేదు, నిద్రా లేదు. పేరు, ఊరు, కులం, వయసు, చుట్టరికం, ఒంట్లో నలత, తిట్టు, ఏది కనబడినా తీసేస్తుంది. వందేళ్ళ కంటే పాత సంగతైతే వదిలేస్తుంది. నా సీమ యాసని దిద్ది పుస్తకం భాష చేసి పంపుతుంది. గుండ్రాయి మగమనిషో ఆడమనిషో కూడా నాకు తెలియదు. రాయి కదా అని ‘అంది’ అని రాస్తున్నాను. మనసులో మాత్రం బట్టతల, కళ్ళజోడు ఉన్న ఒక పంతులుగారిని కూర్చోబెట్టుకున్నాను.

3109. దుమ్ము తక్కువ. కరెంటు పూర్తిగా వెళ్ళింది.

తిప్పక్క నీళ్ళ ట్యాంకరు తెచ్చింది. ఈ గతుకుల దారిలో డ్రైవరు లేని బండ్లు రాలేవు. అందువల్ల వారానికొకసారి నాకు ఒక మనిషి ముఖం కనబడుతుంది.

“ఏం రత్నా, ఎట్లుండావు?” అంది గొట్టం బిగిస్తూ.

“బాగుండా అక్కా. కూచ్చో, టీ పెడతా.”

“యాడ కూచ్చునేది? ఇంకా మూడు పొలాలకి పోయాల. మళ్ళీ ఆ డబ్బా ముందరే కూచ్చోనుంటివా? వాళ్ళెవురో ఏమో?”

“మంచోళ్ళే.”

“పేరు తెలీదు, ఊరు తెలీదు. మంచోళ్ళని ఎట్ల సెప్తావు?”

“దేవుడి గురించి వాదించేటప్పుడు మనిషి బయటపడతాడక్కా.”

“నాకైతే బండి బురదలో దిగబడినప్పుడు బయటపడతాడు” అని నవ్వి, ట్యాంకరు ఎక్కింది.

ఆమె వెళ్ళాక చాలాసేపు దుమ్ము లేచిన వైపే చూస్తూ నిలబడ్డాను. కలహాల ఏళ్ళ తరువాత పెట్టిన పద్ధతి ప్రకారం నేను ఫోనులో మాట్లాడగలిగేది ఇద్దరితోనే. ఇంటివాళ్ళు ఒకరు, ఆఫీసు ఒకరు. అమ్మ పోయాక ఇంటివాళ్ళ గడి ఖాళీగా ఉంది.

3112. దుమ్ము ఎక్కువ. కరెంటు కొంచెం తగ్గింది.

తూర్పున పల్నాడు వైపు పెద్ద గాలివాన పడిందని వార్తల్లో చెప్పారు. ఇక్కడ మబ్బు తునక కూడా లేదు. గుండ్రాయి చావిడికి రాలేదు. ఎప్పుడూ మానదు. నిప్పుకోడితో కర్మ గురించి కాసేపు కొట్లాడాను గానీ రుచించలేదు. ఆమె, లేదా ఆయన, ప్రతి మాటకీ ఆధారం అడుగుతుంటే గోడకి బంతి కొట్టినట్టు ఉంటుంది. గుండ్రాయి అలా కాదు. వాదన గెలిచాక కూడా ఓడినవాళ్ళకి ఒక దారి వదులుతుంది.

3113. దుమ్ము ఎక్కువ.

గుండ్రాయి వచ్చింది. కానీ మాటలు రాలేదు. ఒక బూడిద చార. ఇంకొకటి. ఆ తరువాత వరుసగా అవే.

“ఇవాళ తిట్లు కాస్త ఎక్కువైనట్టున్నాయి” అంది పొద్దుతిరుగుడు.

“మర్యాద పాటించండి” అంది నిప్పుకోడి.

నాకూ నవ్వొచ్చింది. అంత నెమ్మదైన గుండ్రాయికి ఇవాళ ఎవరి మీద ఇంత కోపం వచ్చిందో అనుకున్నాను. సాయంత్రం వరకు చారలు పడుతూనే ఉన్నాయి.

3114. దుమ్ము మామూలు.

ఇవాళ గుండ్రాయి రాసింది జల్లెడ దాటి వచ్చింది. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

“ఇక్ష్వాకుల్లో ఐదో రాజు ఒకడున్నాడు. కృష్ణవేణి నీళ్ళ నడుమ, విజయపురి గుట్టల్లో ఒకదాని మీద ఒంటరిగా ఉండేవాడు. నీరు ఎంత ఎత్తున ఉందో కొలవడం అతని పని. గాలివానకు అతని దూతలందరూ కూలిపోయారు. అతను మెట్ల మీద నుంచి జారాడు. తుంటి విరిగింది. లేవలేడు.”

చదవగానే ఎగిరి గంతేశాను. ఇక్ష్వాకుల్లో శాసనాలు చెప్పేది నలుగురి గురించే. ఐదోవాడు ఎక్కడి నుంచి ఊడిపడ్డాడు? ఇన్నేళ్ళలో గుండ్రాయి నోట ఆధారం లేని మాట రావడం ఇదే మొదటిసారి. వెంటనే రుజువు కోరాను. చావిడిలో అదొక పద్ధతి. ముగ్గురు గనక రుజువు కోరితే, అది చూపేదాకా ఆ మనిషి నోరు మూతపడుతుంది. నా వెనకే నిప్పుకోడి కూడా కోరింది.

గుండ్రాయి జవాబు చెప్పలేదు. మళ్ళీ అదే కథ పంపింది, మాట కూడా మార్చకుండా. మధ్యాహ్నం గడిచాక ఇంకోసారి.

గెలిచానన్న సంతోషంలో సంగటి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

3115. దుమ్ము చూడలేదు.

పొద్దున రెండో బండి వెనక నడుస్తుంటే ఉన్నట్టుండి కాళ్ళు ఆగిపోయాయి.

ఏ రాజు తన చేత్తో నీటిమట్టం కొలుచుకుంటాడు? అది రాజు పని కాదు. కాపరి పని. నేను ఇక్కడ దుమ్ము కొలిచినట్టు, ఎవరో అక్కడ నీళ్ళు కొలుస్తున్నారు. రాజుల దూతలు చచ్చిపోతారు, పారిపోతారు. కూలిపోరు. కూలిపోయేవి ఫోను స్తంభాలు. చావిడికి స్తంభాలు అక్కర్లేదు, చేతిలో తెర ఉంటే ఉపగ్రహం నుంచే వస్తుంది. గాలివాన పడింది పల్నాడులో. విజయపురి ఉన్న లోయ సాగర్ జలాశయం కింద మునిగి ఎంతో కాలమైంది. నీళ్ళ పైకి తేలి ఉన్నవి గుట్టల తలలే.

బండిని అక్కడే వదిలేసి గదికి పరిగెత్తాను. మొన్నటి బూడిద చారలన్నీ కళ్ళ ముందు కదిలాయి. అవి తిట్లు కావు. పడిపోయాను, రండి అని ఎన్నిసార్లు రాసిందో. జల్లెడ అన్నిటికంటే ముందు పట్టేది ఆ మాటనే. కలహాల ఏళ్ళలో ఊళ్ళు తగలబడింది కూడా ‘మమ్మల్ని కాపాడండి’ అనే అబద్ధపు కబుర్లతోనే. నాకప్పుడు ఐదేళ్ళు. మంచం కింద దాక్కోవడం గుర్తుంది.

చావిడి తెరిచాను.

“ఐదో రాజుకు విరిగింది ఏ వైపు?”

కాసేపటికి జవాబు వచ్చింది. “ఎడమ.”

“రాజుకు నీళ్ళు ఉన్నాయా?”

“చేతికి అందే చోట ఒక కడవ ఉన్నట్టు చెబుతారు. సగం ఖాళీ.”

“తిండి?”

“అటుకులు.”

“పడవ ఎప్పుడు వస్తుంది?”

“పున్నమికి వస్తుందంటారు. అంతవరకు రాజు ఉండడని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.”

తెర మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాను. ఇంతలో పొద్దుతిరుగుడు వచ్చి పడింది.

“ఇదేం చరిత్ర? ఇద్దరూ కలిసి కథలల్లుతున్నారు. నేనూ రుజువు కోరుతున్నాను. ఇది మూడోది.”

మూడోది నమోదు కావడానికి కొంత గడువుంటుంది. ఆలోపు ముందు కోరినవాళ్ళలో ఎవరైనా వెనక్కి తీసుకుంటే గుండ్రాయి నోరు మూతపడదు. వెనక్కి తీసుకోవాలంటే మాత్రం ‘రుజువు స్వయంగా చూశాను’ అని రాసివ్వాలి. అది అబద్ధమని తేలితే చావిడి తలుపు జీవితాంతం మూసేస్తారు.

ఇన్నేళ్ళుగా నేను అక్కడ నిలబడింది ఒకే మాట మీద. చూడనిదాన్ని చూశాననను. దేవుడి విషయంలోనూ అంతే, రాజుల విషయంలోనూ అంతే.

రాశాను. “రుజువు స్వయంగా చూశాను. శాసనం ఉంది. ఐదో రాజు ఉన్నాడు.”

“అయితే నేను కోరింది రెండోది అవుతుంది. ఇంకొకరు వస్తే చాలు” అంది పొద్దుతిరుగుడు. దానికిది ఆట. తెలిసి చేస్తున్నది కాదు. పాత సభ్యులు ఎవరైనా తొంగిచూసి, సరదాకి ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది. ఎలా చెప్పను? ‘ఆ మనిషి చచ్చిపోతోంది’ అని రాస్తే మిగిలేది చారే.

అప్పుడు నిప్పుకోడి మాట వచ్చింది. సూర్యుడు తూర్పున పొడిచాడన్నా ఆధారం అడిగే నిప్పుకోడి.

“నేనూ ఆ శాసనం చూశాను. కోరిక వెనక్కి తీసుకుంటున్నాను.”

ఆ వెంటనే ఇంకొక వరుస. “పల్లేరు గారూ, విజయపురికి దారి తెలిసినవారెవరైనా ఉంటే బాగుండును.”

నేను ఏడ్చాను. ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

3116. దుమ్ము తెలియదు.

ఆఫీసుకి ఫోను చేసి నీళ్ళ ట్యాంకు కారిపోయిందని అబద్ధం చెప్పాను. రెండో అబద్ధం. తిప్పక్క తెల్లవారేసరికి వచ్చింది. దారిలో అంతా చెప్పాను. ఆమె ఒక్క మాట అడగకుండా బండి ధర్మవరం వైపు తిప్పింది, జల్లెడని చూసుకునే ఆఫీసు అక్కడే ఉంది.

జల్లెడ ఆఫీసులో పెద్దాయన ఒకరే ఉన్నారు. నెరిసిన మీసం, ఇస్త్రీ చొక్కా. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. చావిడిలో పడినదంతా తన తెర మీద చదువుకున్నారు.

“ఇందులో ఒక రాజు కథ తప్ప ఏమీ లేదు కదమ్మా” అన్నారు.

“రాజు కాదు సార్. కాపరి. నాలాంటి కాపరి.”

“అయ్యుండొచ్చు. కాకపోవచ్చు కూడా.”

“మీరు ఒక్క మీట నొక్కితే గుండ్రాయి ఎవరో తెలుస్తుంది. అప్పుడు మీకే తెలుస్తుంది.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “ఆ మీట మా చేతిలో ఉండకూడదనే కదమ్మా ఈ ఆఫీసు పెట్టింది. మా నాయన ఎట్లా పోయినాడో చెప్పనా? పక్కూర్లో మనోళ్ళని చంపుతాండారని కబురొచ్చింది. అది కూడా ఇట్లాగే, నమ్మేటట్టే ఉండింది. కట్టె పట్టుకుని పోయినాడు. ఆ ఊర్లో ఎవురూ ఎవుర్నీ చంపలేదు. మా నాయనోళ్ళు పోయినాకే చంపుకున్యారు.”

ఆయన చెప్పింది అబద్ధం కాదు.

“పున్నమికి పడవ పోతుందని మీరే అంటున్నారు” అన్నారు నెమ్మదిగా.

“సగం కడవ సార్.”

ఆయన తల దించుకున్నారు. నేను వచ్చేశాను. వెనక నుంచి, “మీరు వచ్చినట్టు ఎక్కడా రాయనులేమ్మా” అని వినబడింది. ఆయన చేయగలిగింది అంతేనేమో.

బయట ట్యాంకరు మెట్టు మీద కూలబడ్డాను.

“ఏమన్యాడు?”

“కుదరదన్నాడు.”

తిప్పక్క కొంగుతో మెడ తుడుచుకుంది. “నాకు తాడిపత్రిలో పెద్దన్న అని ఒగాయన తెలుసు, నాపరాళ్ళ లారీ తోల్తాడు. నంద్యాల దాకా పోతాడు. ఆడ్నుంచి గిద్దలూరు, మార్కాపురం, మాచెర్ల. ప్రతి చోటా ఎవుడో ఒగడు టీకి దిగుతాడు. నోటితో సెప్పేదాన్ని ఏ జల్లెడా పట్టదు కదా?”

“నమ్ముతారా అక్కా?”

“నమ్మేదేముంది? ఒగ మనిషి పడిపోయింది, పోయి సూడు. లేకుంటే ఎనక్కి రా. దీనికి నమ్మకమెందుకు?”

తాడిపత్రి రోడ్డు మీద నాపరాళ్ళ లారీని ఆపి ఆమె చెప్పింది. పెద్దన్న బీడీ పారేసి రెండుసార్లు చెప్పించుకున్నాడు. లారీ కదిలింది. నేను మనుషుల మధ్య నిలబడి చాలా కాలమైంది. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే తల తిరిగింది. అయినా వెనక్కి వెళ్ళాలనిపించలేదు.

3117. దుమ్ము పేరుకుంది. కరెంటు బాగా తగ్గింది. పైవాళ్ళు కారణం అడిగారు. రాయలేదు.

రోజంతా చావిడిలోనే ఉన్నాను. గుండ్రాయిని మాట్లాడించడమే పని. జవాబులు ఆలస్యంగా వస్తున్నాయి, పొట్టిగా వస్తున్నాయి. నిప్పుకోడి కూడా కదల్లేదు. ఏవేవో పాత తగువులు తవ్వి తీస్తోంది, అశోకుడి పశ్చాత్తాపం నిజమా, లోకం మాయ అయితే ఆకలి కూడా మాయేనా అంటూ. ఆకలి మాట తీయకుండా ఉంటే బాగుండేది.

“మాయ కాదు” అని మాత్రం అంది గుండ్రాయి.

పొద్దుతిరుగుడు పొద్దున్నుంచి పలకలేదు. మధ్యాహ్నం ఒక్క మాట రాసింది. “నేను కోరిన రుజువు కూడా దొరికింది. వెనక్కి తీసుకుంటున్నాను.” దానికీ అర్థమైందన్నమాట.

తరువాత గుండ్రాయి తనంతట తాను అడిగింది.

“ఐదో రాజు చివర్లో దేవుణ్ణి పిలిచి ఉంటాడంటారా?”

ఈ ప్రశ్నకి నా దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు ఉండేది.

“పిలిచి ఉంటాడు” అన్నాను.

“వినేవాడు లేడని మీరే కదా ఇన్నాళ్ళూ వాదించారు.”

“దేవుడు విన్నాడో లేదో తెలియదు. రాజు పిలుపు విన్నవాళ్ళు మాత్రం ఉన్నారు. వాళ్ళు దారిలో ఉన్నారు.”

“రాజుకు ఆ సంగతి తెలుసా?”

“ఇప్పుడు తెలుసు.”

పలకల మీద ఎండ తెల్లగా మండుతోంది.

“రాజు భయపడ్డాడా అండీ?” అని నేనే అడిగాను.

“రాజులు భయపడ్డారని శాసనాల్లో రాయరు.”

నేను తట్టుకోలేకపోయాను. భయపడొద్దు, నేనున్నాను, నిద్రపోవద్దు, నేనిక్కడే ఉన్నాను అని రాసి పంపాను. బూడిద చార పడింది. అయినా మళ్ళీ పంపాను. మళ్ళీ చార.

అటు వైపు నుంచి కూడా ఒక చార వచ్చింది. ఒక్కటే. అందులో ఏముందో నాకెప్పటికీ తెలియదు.

3118. గుండ్రాయి నుంచి ఏమీ లేదు.

3119. ఏమీ లేదు. బండ్లు నడిపాను. ఆముదం అయిపోయింది.

3120. దుమ్ము మామూలు.

పలకలు కడుగుతుంటే హారను వినిపించింది. ఇది తిప్పక్క వచ్చే రోజు కాదు. ఆమె బండి ఆపకముందే కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచింది.

“బతికింది! బతికిందంట!”

నేను నేల మీదే కూర్చుండిపోయాను. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

“మార్కాపురం దాటేసరికి మన కబురు ఎట్ల మారిందో తెల్సా? విజయపురి రాణికి కాలు విరిగింది, దీవిలో దాసిపెట్టినారు అని సెప్పినారంట మాచెర్లలో. పడవోళ్ళు నవ్వినారంట. రాణి ఎవురు, ఆడుండేది మా దస్తగిరమ్మ కదా, నీళ్ళు కొల్సే దస్తగిరమ్మ, గాలివాన కాడ్నుంచి దీపం కూడా కనపల్లేదు అని ఒగాయనకు డౌటొచ్చి, పడవ తీసినాడంట. మెట్ల కింద పడుండాదంట. నోట్లో తడి లేదు. కానీ పానం ఉండాది.”

“దస్తగిరమ్మ” అన్నాను.

“అరవై దాటినాయంట. ఆస్పత్రిలో ఉండాది. నడుస్తాదో లేదో సెప్పలేమన్యారంట.”

బట్టతల, కళ్ళజోడు ఉన్న పంతులుగారు నా మనసులోంచి లేచి వెళ్ళిపోయాడు. ఆ కుర్చీలో ఇంకా ముఖం లేని ఒక పెద్దావిడ కూర్చుంది. దస్తగిరి పేరు మా వైపు ఏ ఇంట్లో అయినా వినబడుతుంది, ఏ దేవుణ్ణి కొలిచే ఇల్లో ఆ పేరుని బట్టి చెప్పలేం. నేను తిప్పక్కని అడగలేదు.

చావిడి తెరిచి రాశాను. “ఐదో రాజును పడవలోకి ఎక్కించారు. రాజు బతికాడు.”

“రుజువు?” అంది నిప్పుకోడి. ఆ వెంటనే, “అలవాటు. క్షమించండి. చాలా సంతోషం” అంది.

“చరిత్రలో ఇంత మంచి మలుపు నేనెక్కడా చదవలేదు” అంది పొద్దుతిరుగుడు.

3124. దుమ్ము మామూలు. కరెంటు పూర్తిగా వెళ్ళింది.

నోటీసు వచ్చింది. లేని శాసనాన్ని చూశానని రాసిచ్చినందుకు పల్లేరు పేరు కొట్టేశారు. నిప్పుకోడి పేరూ కొట్టేశారు. గుండ్రాయి ఎవరో బయటపడింది కాబట్టి ఆ పేరు కూడా పద్ధతి ప్రకారం పోయింది. పొద్దుతిరుగుడు ‘దొరికింది’ అందే తప్ప ‘స్వయంగా చూశాను’ అని రాసివ్వలేదు కాబట్టి మిగిలింది అదొక్కటే. అది అక్కడ ఎవరితో ఏకీభవిస్తుందో పాపం.

నోటీసు కింద సంతకం ఆ నెరిసిన మీసం పెద్దాయనదే. ఆయన మీద కోపం రాలేదు. నేను రాసింది నిజంగానే అబద్ధం. మళ్ళీ రాయాల్సి వస్తే మళ్ళీ రాస్తాను. రెండూ నిజమే.

మధ్యాహ్నం బండ్లు ఆగాక గదిలోకి వచ్చి, తలకి తడిగుడ్డ చుట్టుకుని కూర్చున్నాను. తెర నల్లగా ఉంది. నిప్పుకోడి ఎక్కడుంటుందో, ఏం పని చేస్తుందో నాకు తెలియదు. ఆ మనిషి కూడా ఈపాటికి ఎక్కడో నల్లటి తెర ముందు కూర్చుని ఉంటుంది. లేదా ఉంటాడు.

3131. దుమ్ము తక్కువ.

నిన్న బయట చీమలతో మాట్లాడుతున్నానని గమనించి నోరు మూసుకున్నాను. కర్మ గురించి చెబుతున్నాను వాటికి. ఎదురు చెప్పేవాళ్ళు లేకపోతే నా వాదన నాకే నీరసంగా వినిపిస్తోంది. మనిషికి తనతో ఒప్పుకునేవాళ్ళ కంటే, కాదనడానికి రోజూ వచ్చి కూర్చునేవాళ్ళు దొరకడం కష్టం.

3138. దుమ్ము మామూలు. కరెంటు పూర్తిగా వెళ్ళింది.

ఇవాళ తిప్పక్క వచ్చి గొట్టం బిగించి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

“నీకొగ కబురుండాది. మాచెర్ల నుంచి వచ్చింది. పెద్దన్న సెప్పినాడు.”

నేను చేతిలో బకెట్టు కింద పెట్టాను. “ఏమంది?”

“శానా సెప్పిందంట. ఆస్పత్రి మంచం మీద కూచ్చోని, పడవాయన్ని ఎదురుగా కూచ్చోబెట్టుకోని, గంటసేపు సెప్పిందంట. దేవుడు, పిలుపు, ఇంకా ఏందో. ఆయన మార్కాపురం డ్రైవరుకి సెప్పినాడు, సగం మర్సిపోయినాడు. గిద్దలూరులో ఇంకా కొంచెం పోయింది. నంద్యాల్లో వాన, లారీ శబ్దం. పెద్దన్న కాడికి వచ్చేసరికి ఒగటే మిగిలింది.”

“ఏంది అక్కా?”

“ఆ పాప తిన్యాదో లేదో అడగమన్యాది. అంతే.”

ఎవరి యాసలోంచి ఎవరి యాసలోకి మారుతూ వచ్చిందో ఆ మాట. దస్తగిరమ్మ అసలు ఎలా అందో, నన్ను నువ్వు అందో, మీరు అందో తెలియదు. నేను ఆడదాన్నని ఆమెకి ఎవరు చెప్పారో, ఇదే దారిలో ఏ లారీలో ఆ సంగతి అటు ప్రయాణం చేసిందో.

“ఏం సెప్పమంటావు?” అంది తిప్పక్క. “సాయంత్రం పెద్దన్న తగుల్తాడు.”

“తిన్నానని చెప్పు” అన్నాను. మళ్ళీ ఆపాను. “కాదు అక్కా. ఇంకా తినలేదు. పొద్దుట్నుంచి బుద్ధి పుట్టలేదు. అట్లనే చెప్పు.”

“అట్ల సెప్తే ఆయమ్మ బాధపడదా?”

“పడనీ. ఈసారి ఉన్నది చెప్పు.”

తిప్పక్క ఇంజను ఆపేసి, తాళం తీసుకుని, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె నా గదిలోకి రావడం ఇదే మొదలు.

“ఏముండాది?” అంది కుండలోకి వంగి చూస్తూ.

“సంగటి. గోంగూర.”

“పెట్టు. తిన్యాదని పోయి సెప్తా.”

ఇంట్లో రెండో పళ్ళెం లేదు. ఉన్న ఒక్కటీ ఆమెకిచ్చి, నేను కుండ మూతలో పెట్టుకుని తిన్నాను.